ఓదార్చే ముందు వినాలి: ఇళ్ళకు వెళ్ళి ప్రార్థన చేసేవారికి సమగ్ర మార్గదర్శి

ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఎవరో ఆగి, "అమ్మా, ఒకసారి మా ఇంటికొచ్చి ప్రార్థన చేసి వెళ్తారా?" అని అడుగుతారు. ఆ అడగడంలో అడగని మాట ఇంకొకటి ఉంటుంది. ప్రార్థన కావాలి, నిజమే. అంతకు ముందు తన గోడు చెప్పుకోవడానికి ఒక మనిషి కావాలి. మన సంఘాల్లో పాట ఎత్తుకునేవాళ్ళకు, వాక్యం చెప్పేవాళ్ళకు, కన్నీటితో ప్రార్థించేవాళ్ళకు కొదవ లేదు. ఎదుటి మనిషి చెప్పుకుంటూ ఉంటే పది నిమిషాలు మధ్యలో అడ్డుపడకుండా కూర్చునేవాళ్ళే తక్కువ.

పాస్టరు గారికి, పాస్టరమ్మ గారికి, సంఘ పెద్దలకు, స్త్రీల కూడిక నడిపేవారికి, బైబిలు స్త్రీలకు, ఆసుపత్రి మంచాల దగ్గరికి వెళ్ళే యౌవనస్థులకు, అందరికీ ఉపయోగపడేలా ఒక ఇంటి దర్శనాన్ని మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ విడమరిచి చెబుతున్నాం. అంతటికీ ఒకటే గీటురాయి పెట్టుకోండి: చివర్లో మీరు చేసే ప్రార్థనలో ఆ ఇంటివాళ్ళు చెప్పిన సంగతి ఉందా, లేక ఏ ఇంట్లోనైనా చేయగలిగే ప్రార్థనే అక్కడా చేసి వచ్చారా?

ముందు ప్రభువు విన్న తీరు చూడండి

"ప్రతి మనుష్యుడు వినుటకు వేగిరపడువాడును, మాటలాడుటకు నిదానించువాడును, కోపించుటకు నిదానించువాడునై యుండవలెను" అన్న యాకోబు 1:19 మనకు కంఠతా వచ్చు. ఆ మాట ఆచరణలో ఎలా ఉంటుందో తెలియాలంటే సువార్తల్లోకి వెళ్ళాలి.

మార్కు 5వ అధ్యాయం తీసుకోండి. యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉంది. ప్రభువు ఆ ఇంటికే బయలుదేరారు. దారిలో, 12 ఏళ్ళుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ ఆయన వస్త్రం ముట్టుకుంది, బాగుపడింది. పని అయిపోయింది కదా, ఇక నడవవచ్చు. ఆయన ఆగారు. ఆమె భయపడుతూ వణుకుతూ వచ్చి "తన సంగతి యంతయు ఆయనతో చెప్పెను." పన్నెండేళ్ళ సంగతి! ఎందరో వైద్యులు, ఖర్చయిపోయిన ఆస్తి. పక్కన యాయీరు ఎంత ఆత్రంగా నిలబడి ఉంటాడో ఆలోచించండి. అయినా ఆయన ఆమె మాటను మధ్యలో తుంచలేదు. స్వస్థత ఒక క్షణంలో దొరికింది. చెప్పుకోవడానికి మాత్రం సమయం పట్టింది, ఆ సమయం ఆయన ఇచ్చారు.

లూకా 24లో ఇద్దరు శిష్యులు యెరూషలేముకు ఆమడ దూరంలో ఉన్న ఎమ్మాయుకు నడుస్తున్నారు. మీరు మాట్లాడుకుంటున్న సంగతులేమిటని ప్రభువు అడిగారు. ఈ మధ్య జరిగినవి నీకు తెలియవా అన్నారు వాళ్ళు. సిలువ మీద ఉన్నది ఆయనే. ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా "అవేవి?" అని మళ్ళీ అడిగారు. వాళ్ళు నిరీక్షణ పోయిందని చెప్పుకున్నంతసేపూ విని, ఆ తర్వాతే మోషే మొదలుకొని లేఖనాలు వివరించారు. ఈ వరస గుర్తుంచుకోండి: ప్రశ్న, వినడం, ఆ తర్వాత వాక్యం. మనం చాలాసార్లు మూడోదానితో మొదలుపెడతాం.

ఏలీ యాజకుడిది ఇందుకు వ్యతిరేకమైన సంగతి. 1 సమూయేలు 1లో ప్రార్థన చేస్తున్న హన్నా పెదవులు కదులుతున్నాయి, స్వరం వినబడడం లేదు. ఆమె తాగి ఉందని ఏలీ అనుకున్నాడు, అనుకుని ఊరుకోక గద్దించాడు కూడా. చూసిన కాస్తంత దాన్నిబట్టి తీర్పు చెప్పేశాడు. ఆమె వివరించాక మాత్రం మొండికేయలేదు, క్షేమంగా వెళ్ళమని దీవించాడు. మనకు అందులో రెండు పాఠాలున్నాయి. తప్పుగా అర్థం చేసుకోవడం ఎంత తేలికో మొదటిది. పొరపాటు పడ్డామని తెలిసిన వెంటనే మాట మార్చుకోవచ్చన్నది రెండోది.

వెళ్ళే ముందు

ఆ రోజు పొద్దున పది నిమిషాలు మాట లేకుండా కూర్చోండి. విన్నపాలు తర్వాత చేయవచ్చు. సమూయేలు అన్న "నీ దాసుడు ఆలకించుచున్నాడు" అన్న మాటతో మొదలుపెట్టి ఊరికే ఉండండి. మొదటి వారం బజారు సామాన్లు, కరెంటు బిల్లు, నిన్నటి మాటపట్టింపులు అన్నీ గుర్తొస్తాయి. వస్తే రానివ్వండి, మళ్ళీ అదే మాట దగ్గరికి రండి. ప్రతి ఉదయం వినే బుద్ధి పుట్టిస్తాడని యెషయా 50:4 చెబుతోంది. అలసినవాణ్ణి ఊరడించే మాట కూడా అదే వచనంలో ఉంది. ఆ నోటికి ఈ చెవే ఆధారం.

తర్వాత ఒక చిన్న కాగితం మీద, ఆ ఇంటి గురించి మీకు ముందే ఉన్న అభిప్రాయాలు రాయండి. "ఆయన తాగుతాడు కాబట్టి గొడవలు." "ఆమెకు నోరెక్కువ." "అబ్బాయిని గారాబం చేసి పాడుచేశారు." రాసి, చింపేయండి. ఇది పిల్లచేష్టలా కనిపించవచ్చు కానీ పనిచేస్తుంది, ఎందుకంటే మనసులో ఉందని తెలియని అభిప్రాయమే వినేటప్పుడు అడ్డుపడుతుంది. కాగితం మీదికి వచ్చాక దాన్ని గుర్తుపట్టడం తేలిక.

ఇద్దరుగా వెళ్ళండి. ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపారు. ముఖ్యంగా ఒంటరిగా ఉన్న స్త్రీ ఇంటికి పురుషుడు ఒక్కడే వెళ్ళకూడదు. వీధి తలుపు తీసే ఉండాలి. అయితే ఇద్దరు వెళ్ళినప్పుడు వచ్చే ఇబ్బంది ఒకటుంది: ఒకరు వింటుంటే రెండోవారు సలహా అందుకుంటారు. గుమ్మం ఎక్కకముందే పనులు పంచుకోండి. ఒకరు మాట కలిపి వింటారు. రెండోవారు మౌనంగా ప్రార్థిస్తూ, పిల్లలు అడ్డం వస్తే వాళ్ళను చూసుకుంటారు.

ఒక పూటకు రెండిళ్ళు చాలు. ఐదిళ్ళకు మాటిచ్చి బయలుదేరితే మూడో ఇంటి నుంచి గడియారమే వింటుంటుంది, మనిషి వినడు. ఒక్కో ఇంటికి సుమారు 45 నిమిషాలు పెట్టుకోండి: కుదురుకోవడానికి 10, వినడానికి 25, వాక్యానికీ ప్రార్థనకూ కలిపి 10. వినే సమయం పెరిగితే పెరగనివ్వండి. దాన్ని తగ్గించి ప్రసంగం పెంచకండి.

గుమ్మం దాటాక

ఫోను మోగకుండా చేసి సంచిలో పెట్టండి. బోర్లా పెట్టినా సరే, ఎదురుగా ఉన్న ఫోను "ఏ నిమిషమైనా నేను లేచిపోతాను" అని చెబుతూనే ఉంటుంది.

ఎక్కడ కూర్చుంటారన్నది చాలామంది పట్టించుకోని సంగతి. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ తుడిచి మీకు వేసి, వాళ్ళు కింద కూర్చుంటారు. అక్కడే సగం వినికిడి పోతుంది. పైనుంచి చూసే మనిషికి కడుపులో మాట చెప్పుకోరు. "మీరూ కూర్చోండమ్మా" అని వాళ్ళకు మంచం మీదో ఇంకో కుర్చీ మీదో చోటు చూపించండి. లేకపోతే మీరే చాప మీదికి దిగండి. యోబు స్నేహితులు ఏడు పగళ్ళు ఏడు రాత్రులు అతనితో కూడా నేల మీద కూర్చున్నారు, ఒక్క మాటైనా పలకలేదు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక అంతా చెడింది.

టీవీలో సీరియల్ నడుస్తుంటే "కాస్త సౌండు తగ్గిద్దామా?" అని మృదువుగా అడగవచ్చు. టీ ఇస్తామంటే వద్దనకండి. ఆమె టీ పెట్టడానికి లేచినప్పుడు, ఆమెకు అభ్యంతరం లేకపోతే, వెళ్ళిన స్త్రీలలో ఒకరు వంటగది గుమ్మం దగ్గర నిలబడండి. ముందు గదిలో అత్తగారి ఎదుట రాని మాట పాలు పొంగే లోపు బయటికొస్తుంది. ముఖాముఖి కూర్చున్నప్పటి కంటే చేతిలో పని ఉన్నప్పుడు మాట సులువుగా వస్తుంది, ఎదుటివారి కళ్ళలోకి చూడాల్సిన పని ఉండదు కాబట్టి.

ఏం అడగాలి

"ఏమిటమ్మా సమస్య?" అని మొదలుపెట్టకండి. అది ఆసుపత్రి కిటికీ దగ్గర అడిగే ప్రశ్న. "ఈ మధ్య ఎలా గడుస్తోందమ్మా?" అనండి, అని ఆగండి.

"మీకెలా అనిపించింది?" అన్నది చాలామందికి, ముఖ్యంగా పెద్దవాళ్ళకు, జవాబు చెప్పలేని ప్రశ్న. మన ఇళ్ళలో బాధను అలా పేరు పెట్టి చెప్పుకునే అలవాటు తక్కువ. అదే "ఆ రాత్రి నిద్ర పట్టిందా?", "అన్నం తినగలుగుతున్నారా?", "అప్పుడు ఇంట్లో ఎవరున్నారు?" అని అడగండి. బాధ దానంతటదే వస్తుంది. చచ్చిపోతే బాగుండునని బదరీచెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తను దేవదూత ముందుగా తట్టి లేపి భోజనం చేయమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళ బుడ్డి. ప్రశ్న ఆ తర్వాత ఎప్పుడో హోరేబు గుహలో వచ్చింది: ఇక్కడ ఏం చేస్తున్నావు? ఏలీయా తన గోడు చెప్పుకున్నాడు. గాలి, భూకంపం, అగ్ని, నిమ్మళమైన స్వరం అయ్యాక మళ్ళీ అదే ప్రశ్న. ఏలీయా మళ్ళీ అదే జవాబు చెప్పాడు. "ఇందాకే చెప్పావుగా" అని దేవుడు అనలేదు. దుఃఖంలో ఉన్నవాళ్ళు చెప్పిందే చెబుతారు. మూడోసారి చెప్పినప్పుడు, మొదటిసారి చెప్పనిది ఒక చిన్న ముక్క అందులో చేరుతుంది. దానికోసం చెవి పెట్టండి.

"ఎందుకు" అన్న మాటను ఆ రోజుకి పక్కన పెట్టేయండి. "ఎందుకు డాక్టరుకు చూపించలేదు?" "ఎందుకు వాడికి అప్పు ఇచ్చారు?" మీరు వివరం కోసమే అడిగినా వాళ్ళకు అది నిందలా తగులుతుంది. "డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ఏమైనా ఇబ్బంది వచ్చిందా?" అంటే సంగతి తెలుస్తుంది.

ఊఁ కొట్టడం, ఆగడం, వాళ్ళ మాట వాళ్ళకు అందించడం

కథ చెప్పేవాళ్ళకు ఊఁ కొట్టేవాళ్ళు ఉండాలని మన పెద్దలు పెట్టిన అలవాటులో గొప్ప తెలివి ఉంది. అయితే ఊఁ కొట్టడంలో రెండు రకాలున్నాయి. వాక్యం పూర్తయ్యాక నెమ్మదిగా వచ్చే "ఊఁ" తలుపు తెరుస్తుంది. వాక్యం పూర్తికాకముందే గబగబా వచ్చే "ఊఁ ఊఁ ఊఁ" త్వరగా ముగించమంటుంది. మాటమాటకీ "స్తోత్రం, స్తోత్రం" అనడం కూడా ఒక్కోసారి రెండో రకంలోకే పోతుంది, ముఖ్యంగా ఆమె చెబుతున్నది భర్త చేయి చేసుకున్న సంగతి అయినప్పుడు.

ఇక మౌనం. ఆమె ఆగిపోతే ఐదు సెకన్లు ఆగండి. కన్నీళ్ళొస్తే అంతకు రెండింతలు. మనసులో ప్రభువు ప్రార్థనలో మొదటి రెండు వాక్యాలు నిదానంగా చెప్పుకుంటే ఆ సమయం గడుస్తుంది. "ఏడవకండి" అనకండి. ఏడ్చేవారితో ఏడవమని రోమా 12:15 చెబుతోంది, ఏడుపు ఆపించమని చెప్పలేదు. చాలాసార్లు మనం "ఏడవకమ్మా" అనేది చూసి తట్టుకోలేక, మన కోసమే.

మూడోది అన్నిటికంటే విలువైనది: వాళ్ళ మాటనే వాళ్ళకు తిరిగి అందించడం. "నరుని హృదయములోని ఆలోచన లోతు నీళ్లవంటిది వివేకముగలవాడు దానిని పైకి చేదుకొనును" అంటుంది సామెతలు 20:5. చేద నెమ్మదిగా దిగాలి, నెమ్మదిగా రావాలి. గుంజితే నీళ్ళు ఒలికిపోతాయి.

తేడా ఎలా ఉంటుందో చూడండి. ఒకావిడ కొడుకు చదువు మానేసి తిరుగుతున్నాడు.

"ఏం ప్రార్థన అమ్మగారూ... చేసి చేసి అలిసిపోయాను."

"అలా అనకూడదమ్మా. విసుగక ప్రార్థించమన్నారు కదా ప్రభువు. మా చుట్టాలబ్బాయి కూడా ఇలాగే ఉండి ఇప్పుడు మంచి ఉద్యోగం చేస్తున్నాడు."

"అవునండీ. ప్రార్థన చేయండి."

సంభాషణ అయిపోయింది. ఆమె తలుపు వేసుకుంది. ఇప్పుడు ఇదే ఇంకో విధంగా:

"ఏం ప్రార్థన అమ్మగారూ... చేసి చేసి అలిసిపోయాను."

"అలిసిపోయారు."

"మూడేళ్ళండీ. పొద్దున నాలుగింటికి లేచి మోకరించేదాన్ని. వాడికోసం."

"ఊఁ."

"ఇప్పుడు లేవడం లేదు. లేచినా మాట రావడం లేదు. దేవుడికి నా మీద కోపమేమో."

మొదటి సంభాషణలో విషయం కొడుకు. రెండోదాంట్లో తెలిసింది వేరు: ఆ తల్లి దేవుడు తనను వదిలేశాడేమోనని భయపడుతోంది. మీరు వచ్చింది దీనికోసం. "అలిసిపోయారు" అన్న ఒక్క మాట ఆ లోతుకు దించింది.

తిరిగి అందించేటప్పుడు జరిగే పొరపాటు, చిలకలా ప్రతి మాటా వల్లించడం. పావుగంటలో మూడు నాలుగుసార్లకు మించకూడదు. ఆమె వాడిన అసలు పదాన్నే వాడండి. ఆమె "బరువు" అంటే మీరూ "బరువు" అనాలి, "డిప్రెషన్" అనకూడదు. చివర్లో మాత్రం రెండు మూడు వాక్యాల్లో "నాకు అర్థమైంది ఇదమ్మా, సరేనా?" అని చెప్పి చూపించండి. "కాదండీ, అది కాదు" అంటే సంతోషించండి. తప్పు దిద్దే ధైర్యం ఆమెకొచ్చిందంటే మిమ్మల్ని నమ్మినట్టే.

"మా ఇంట్లోనూ ఇంతే" అన్న మాట గురించి కూడా చెప్పాలి. మంచి మనసుతోనే వస్తుంది. కానీ అది వచ్చిన మరుక్షణం నుంచి కథ మీదవుతుంది, ఆమె ఊఁ కొట్టడం మొదలుపెడుతుంది. మీ సాక్ష్యం ఇంకో రోజుకి దాచండి.

వాక్యం ఎప్పుడు చెప్పాలి

"సమస్తమును సమకూడి జరుగుచున్నవి" అన్న రోమా 8:28 సత్యం. బిడ్డ శవం ఇంకా ఇంట్లో ఉండగా ఆ తల్లికి అది చెప్పడం సామెతలు 25:20 హెచ్చరించిన పని. దుఃఖచిత్తుడికి పాటలు వినిపించేవాడు చలి రోజున పైబట్ట లాగేసినవాడి లాంటివాడని, సురేకారం మీద చిరక పోసినవాడి లాంటివాడని ఆ వచనం అంటుంది. చిరక అంటే పులిసిపోయిన ద్రాక్షారసం. ఇక్కడ సురేకారం అంటే సోడా లాంటి క్షారం. చిరక పడితే అది బుసబుసమని పొంగుతుంది. దుఃఖం మీద సంతోషపు వాక్యం పోస్తే జరిగేదీ అదే. అయితే బయటికి పొంగదు, లోపలే పొంగుతుంది.

వాక్యాన్ని మూతగా వాడుతున్నామా, ముద్దగా పెడుతున్నామా అని తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. మీరు వచనం చెప్పాక ఆమె ఇంకా మాట్లాడితే అది ఆహారమైంది. "అవునండీ" అని ఆగిపోతే మూతైంది.

దుఃఖంలో ఉన్నవాళ్ళకు ముందుగా విలాప కీర్తనలు ఇవ్వండి. 13వ కీర్తన ఎన్నాళ్ళు, ఎంతవరకు అని పదే పదే అడుగుతుంది. 88వ కీర్తన చివరి దాకా చీకటిలోనే ఉండి చీకటిలోనే ముగుస్తుంది. ఇలాంటి ప్రార్థనలకు దేవుడే తన గ్రంథంలో చోటిచ్చాడని తెలిస్తే, "నాకు మాట రావడం లేదు" అన్న ఆ తల్లికి మాట దొరుకుతుంది. చదివేముందు అడగండి: "ఒక కీర్తన చదవమంటారా, ఈ రోజుకి వద్దా?" వద్దంటే బైబిలు మూయండి. ఆమె విశ్వాసం తగ్గిపోయిందని అనుకోకండి. ఒక్క అధ్యాయం చాలు, పది నిమిషాల వివరణ వద్దు.

విన్నదే ప్రార్థించడం

కళ్ళు మూసుకునే ముందు "దేవుణ్ణి ఏమడగమంటారు?" అని వాళ్ళనే అడగండి. బర్తిమయి గుడ్డివాడని అందరికీ కనబడుతూనే ఉంది. అయినా తన కోసం ఏం చేయమంటావని ప్రభువు అతన్నే అడిగారు. కొడుకు ఉద్యోగం కోసం అడుగుతుందని మీరనుకున్న తల్లి "వాడు నాతో ఒక్కసారి మాట్లాడితే చాలు" అనవచ్చు.

ప్రార్థన రెండు మూడు నిమిషాలు మించనక్కర్లేదు. ఆమె మాటలే దేవుని ఎదుట పెట్టండి: "తండ్రీ, నీ కుమార్తె మూడేళ్ళుగా తెల్లవారుజామున లేచి అడిగింది. ఇప్పుడు అలిసిపోయింది. నీకు కోపమొచ్చిందేమోనని భయపడుతోంది. నీవు విన్నావని ఆమెకు తెలియజేయుము." ఇక్కడ రెండు గోతులున్నాయి. ప్రార్థన పేరుతో బుద్ధి చెప్పడం ఒకటి: "ప్రభువా, ఈమెకు నోరు అదుపు చేసుకునే కృప దయచేయుము." రెండోది దేవుడు ఇవ్వని మాట మనం ఇచ్చేయడం: ఈ నెలలోనే ఉద్యోగం వస్తుందని, ఆపరేషన్ అవసరం పడదని. విన్న గుండె బరువుకు తట్టుకోలేక నోటికొచ్చిన వాగ్దానం అది. జరగకపోతే ఆమె దేవుణ్ణి అనుమానిస్తుంది, లేదా తన విశ్వాసాన్ని.

విన్నది ఎక్కడ దాచాలి

సంఘాల్లో నమ్మకం ఎక్కువగా కూలేది ఇక్కడే. చాడీల వల్ల కూలడం అందరికీ తెలిసిందే. ప్రార్థన మనవుల వల్ల కూలడం ఎవరూ గమనించరు. "ఫలానా సిస్టర్ గారి కుటుంబంలో సమాధానం కోసం ప్రార్థించండి" అని వాట్సాప్ గ్రూపులో పెడతారు, సాయంత్రానికి ఆ "సమాధానం" వెనక ఏముందో ఊరంతా ఆరా తీస్తుంది. ఉపవాస కూడికలో మైకు పట్టుకుని "ప్రభువా, ఆ బిడ్డ తాగుడు నుంచి విడుదల పొందాలి" అని పేరు పెట్టి ప్రార్థిస్తారు. ప్రసంగంలో "పేరు చెప్పను గానీ" అని మొదలుపెడతారు. వంద మంది ఉన్న సంఘంలో పేరు చెప్పనక్కర్లేదు.

లేచి వచ్చేముందు మూడు సంగతులు అడిగి తెలుసుకోండి. ఇది మన మధ్యే ఉండాలా? ఎవరికైనా చెప్పవచ్చా, చెబితే ఎవరికి? ఏ మాటల్లో? "అబ్బాయి విషయం అని మాత్రం అనండి" అంటే అంతే అనాలి, ఒక్క మాట ఎక్కువ కలపకూడదు. మీ పుస్తకంలో రాసుకుంటే తేదీ, మీకు మాత్రమే అర్థమయ్యే ఒక మాట రాసుకోండి, వివరాలు వద్దు. భార్యాభర్తలు కలిసి పరిచర్య చేసేచోట "మీరు చెప్పింది మా వారికి చెప్పవచ్చా?" అని కూడా విడిగా అడగాలి.

అయితే "ఎవ్వరికీ చెప్పను, ఒట్టు" అని మాత్రం ఎప్పుడూ మాటివ్వకండి. "ఎవరి ప్రాణానికైనా ప్రమాదముంటే తప్ప నా దగ్గరే ఉంటుంది" అనండి. ఎందుకో ఇప్పుడు చూద్దాం.

వింటే చాలని అనుకోకూడని చోట్లు

చనిపోవాలని ఉందన్న సూచన వస్తే నేరుగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?" అడిగితే ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడతారు. అలా పుట్టదు. అడిగినందువల్ల ఆ మనిషికి ఊపిరి పీల్చుకునే సందు దొరుకుతుంది. ఎలా చనిపోవాలని అనుకుంటున్నారో కూడా అడగండి. జవాబు ఉంటే ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో పురుగుమందు డబ్బా, ఎక్కువ మాత్రలు ఉంటే నమ్మకమైన వారితో అక్కడినుంచి తీయించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. ప్రాణాపాయం అయితే అత్యవసర నంబరు 112. ఇది పాపమని ఆ క్షణంలో బోధించకండి. ఏలీయా కూడా తన ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగాడు, దేవుడు గద్దించలేదు.

భర్త కొడుతున్నాడని చెప్పినప్పుడు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి "ఇద్దరి మాటా వింటాం" అనకండి. ఆయన ఎదుట ఆమె నిజం చెప్పలేదు. చెబితే మీరు వెళ్ళాక దెబ్బలు తింటుంది. లోబడమని, క్షమించమని తొందరపెట్టకండి. ముందు ఆమె, పిల్లలు క్షేమంగా ఉన్నారా అన్నది చూడాలి. మహిళా హెల్ప్‌లైన్ 181. గృహహింస నుంచి రక్షణకు 2005 చట్టం ఉంది.

పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే సంఘంలో సర్దుబాటు చేసే విషయం అది కాదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవారెవరైనా పోలీసులకు తెలపాలి. తెలపకపోవడమే నేరం. పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ ఉంది. బిడ్డ చెప్పింది చెప్పినట్టు వినండి, "నిజంగానా?" అనకండి, మళ్ళీ మళ్ళీ చెప్పించకండి. "నీ తప్పేం లేదు నాన్నా, చెప్పి మంచిపని చేశావు" అని చెప్పండి.

ఒక పక్షమే విన్నప్పుడు

ఆస్తి పంపకాలు, తోడికోడళ్ళ మాటలు, సంఘంలో వర్గాలు. వీటిల్లో మొదట చెప్పినవాడి మాట న్యాయంగానే ఉంటుందని, ఎదుటివాడు వచ్చాక సంగతి తేటపడుతుందని సామెతలు 18:17 చెబుతోంది. బాధను పూర్తిగా వినండి, తీర్పును వాయిదా వేయండి. "మీకు చాలా నొప్పి కలిగింది" అనడం వేరు, "వాళ్ళు మీకు అన్యాయం చేశారు" అనడం వేరు. మొదటిది మీరు విన్నారు. రెండోది మీరు చూడలేదు. "చూడండి, అమ్మగారు కూడా అన్యాయమే అన్నారు" అని మర్నాటికి అవతలి ఇంటికి చేరేది ఆ రెండోదే.

ఫోనులో వినడం

కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపని చేస్తున్న చెల్లెలు ఫోను చేస్తే ఆమెకున్న సమయం యజమానురాలి చేతిలో ఉంటుంది. ముందుగా "ఎంతసేపు మాట్లాడగలవు తల్లీ? పక్కన ఎవరైనా ఉన్నారా?" అని అడగండి. పది నిమిషాలుంటే ప్రార్థనకు రెండు ముందే తీసిపెట్టి మిగతాది ఆమెకు వదిలేయండి. ఫోనులో మీ ముఖం కనబడదు కాబట్టి మౌనం లైను కట్ అయినట్టు ఉంటుంది, "వింటున్నానమ్మా, చెప్పు" అని మధ్యమధ్య అంటుండాలి. ఊళ్ళో ఆమె తల్లిదండ్రులకు ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో అడిగి మరీ ఫోను పెట్టేయండి.

సాధన ఎలా చేయాలి

స్త్రీల కూడికలోనో యౌవనస్థుల కూడికలోనో పావుగంట తీసుకుని ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టండి. ఒకరు ఐదు నిమిషాలు తమ వారం ఎలా గడిచిందో చెబుతారు. రెండోవారు సలహా, వచనం, సొంత అనుభవం ఏదీ చెప్పకూడదు. ఐదు నిమిషాలయ్యాక విన్నది మూడు వాక్యాల్లో తిరిగి చెప్పాలి. మొదటివారు "అవును" అనేదాకా దిద్దుకోవాలి. తర్వాత మారాలి. మొదటి రోజు ఎవరికైనా రెండో మూడో నిమిషానికి నాలుక దురద పుడుతుంది. అది ఎప్పుడు పుట్టింది, ఏ మాట దగ్గర పుట్టింది అన్నదే ఆ రోజు నేర్చుకోవలసింది. కొందరికి డబ్బు మాట రాగానే, కొందరికి కన్నీళ్ళు రాగానే పుడుతుంది.

ఊరందరి గోడూ విని ఇంటికొచ్చి సొంత పిల్లవాడి మాట పెడచెవిన పెట్టేవాళ్ళున్నారు. చెవి అలిసిపోయి అలా జరుగుతుంది. సాయంకాలం దాకా ఒక్కడే కూర్చుని జనం వ్యాజ్యాలు వింటున్న మోషేకు, నీవూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారని మామ యిత్రో చెప్పాడు (నిర్గమ 18). పని పంచుకోమన్నాడు. మోషే విన్నాడు. దర్శనాల నుంచి తిరిగి వచ్చాక గుమ్మంలో ఒక్క నిమిషం నిలబడి, విన్నవన్నీ పేరుపేరునా ప్రభువుకు అప్పగించి లోపలికి వెళ్ళండి. వారానికి ఒక సాయంత్రం ఎవరి ఇంటికీ వెళ్ళకుండా మీ ఇంటివాళ్ళ మాటే వినండి.

రెండోసారి వెళ్ళడం

చావు ఇంట్లో సమాధి కార్యక్రమం దాకా, జ్ఞాపకార్థ కూడిక దాకా జనం ఉంటారు. ఆ మర్నాడు కుర్చీలు, షామియానా వెళ్ళిపోతాయి. అప్పటినుంచే ఇల్లు నిశ్శబ్దం. మీ క్యాలెండరులో జ్ఞాపకార్థ కూడిక తర్వాతి వారం, ఆ తర్వాత మూడు నెలలకు, ఏడాది నిండే రోజుకు గుర్తు పెట్టుకోండి. పోయినవారి పుట్టినరోజు తెలిస్తే దానికి కూడా.

మామూలు దర్శనమైతే పది రోజుల్లో ఒకసారి ఫోను చేయండి, లేదా ఆరాధన తర్వాత పక్కకు పిలిచి మాట్లాడండి. "ఎలా ఉన్నారు, బాగున్నారా?" అంటే "బాగున్నామండీ" అనే వస్తుంది. పోయినసారి ఆమె అన్న మాటతోనే మొదలుపెట్టండి: "తెల్లవారుజామున లేచినా మాట రావడం లేదన్నారు కదమ్మా. ఈ వారం ఎలా ఉంది?"